‘కరి మింగిన వెలగపండు’: మాయమైందనా, డొల్ల మిగిలిందనా?

‘కరి మింగిన వెలగపండు’ అంటే సంపద ఉన్నట్టుండి మాయమైపోవడం అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. చాలామంది అలాగే వాడుతున్నారు. నాకు మాత్రం అందులో సగం అర్థమే వచ్చిందనిపిస్తోంది.

సుమతీ పద్యంలో సిరి రావడానికి కొబ్బరికాయలో నీళ్లు పోలిక. చిల్లు లేకుండానే లోపల నీళ్లు చేరతాయి. పోవడానికి వెలగపండు పోలిక. ఏనుగు మింగితే గుజ్జు కడుపులో అరిగిపోయి, పెంకు పగలకుండా బయటికొస్తుందని పెద్దలు చెప్పేవాళ్లు. అంటే పోయేది గుజ్జు. పండు పైకి పండులాగే ఉంటుంది.

ఒక చవితికి పాలవెల్లికి కట్టిన వెలక్కాయను నిమజ్జనం అయ్యాక విప్పాను. పెంకు మీద గీత కూడా లేదు, చేతిలో మాత్రం తేలిగ్గా ఉంది. గడపకేసి కొడితే లోపల ఎండిన పీచు, కాస్త పొడి. ఆ రోజే ఈ పోలిక నాకు నిజంగా అందింది.

‘కరి’ అంటే ఏనుగు కాదు, ఒక పురుగు అనేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇదే పోలిక ఉన్న సంస్కృత శ్లోకంలో ‘గజభుక్త’ అని ఉంది, అంటే ఏనుగు తిన్నది. తెలుగులో ‘మింగిన’ అన్నారు. పురుగు తొలుస్తుంది, కొరుకుతుంది, మింగదు. ఆ ఒక్క క్రియ చాలు.

ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు హాలీవుడ్ తొలినాళ్ల సినిమా నిర్మాత బి.పి. షుల్‌బర్గ్ గుర్తొస్తాడు. న్యూయార్క్‌లో సినిమా కంపెనీకి పబ్లిసిటీ రాసే కుర్రాడిగా మొదలై సొంత కంపెనీ పెట్టాడు. క్లారా బో అనే మూకీ సినిమాల నటిని తారగా నిలబెట్టింది ఆయనే. 1925లో కంపెనీ దివాలా తీసింది. అక్కడితో అయిపోయాడనుకుంటే, ఆమెను వెంటబెట్టుకుని పారమౌంట్ అనే పెద్ద సినిమా కంపెనీలో చేరి, కొన్నేళ్లలోనే దాని హాలీవుడ్ స్టూడియోలో సినిమాల నిర్మాణమంతా చేతిలోకి తెచ్చుకున్నాడు. 1929లో తొలి ఆస్కార్ ఉత్తమ చిత్రం ‘వింగ్స్’ ఆయన హయాంలో తయారైందే. కొబ్బరికాయలో నీళ్లంటే ఇదే.

తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది, పారమౌంట్ అప్పుల్లో కూరుకుపోయింది, జూదంలో ఆయన సొంత డబ్బూ కరిగింది. 1932లో పదవి పోయింది. కానీ మనిషి మాయం కాలేదు, నాకు బాధ కలిగించేది అదే. స్వతంత్ర నిర్మాతగా, ఆ తర్వాత కొలంబియా సినిమా కంపెనీలో 1943 దాకా తెర మీద ఆయన పేరు పడుతూనే ఉంది. పేరు అదే, పలుకుబడే లేదు. చివరికి ‘వెరైటీ’ అనే సినిమారంగ పత్రికలో పని కావాలని ప్రకటన వేయించుకున్నాడు. ఒకప్పుడు తారల జీతాలు తేల్చిన మనిషి! 1957లో ఫ్లోరిడాలో చనిపోయాడు.

‘మాయమైపోవడం’ అనే అర్థం ఈ పాతికేళ్ల బతుక్కి సరిపోదు. పెంకు నిలిచి గుజ్జు పోవడమే సరిపోతుంది. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఈ మాటను పైకి బాగున్నా లోపల చితికిపోయిన ఇంటి గురించి వాడటం విన్నారా? విన్నవాళ్లు ఏ సందర్భంలో అన్నారో కూడా రాయండి.