చర్చిలో గిటార్ యాంప్ తీసేసి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోమంటున్నారు, మీరేం చేస్తున్నారు?

ఆరో తీగ

అందరికీ వందనాలు. తెనాలి దగ్గర ఒక సంఘంలో పదకొండేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. మాది రేకుల షెడ్డు, గచ్చు నేల. ఆదివారం రెండు వందల మంది దాకా వస్తారు. ముందు సగం చాపలు, వెనక సగం ప్లాస్టిక్ కుర్చీలు. అడుగు ఎత్తు స్టేజి మీద కీబోర్డు, ప్యాడ్స్, తబలా, బేస్, నేను, పాడేవాళ్లు నలుగురు.

గివ్‌సన్ ఎకౌస్టిక్‌తో నేర్చుకున్నవాణ్ణి. చీటీ పాడుకుని నాకోసం నేను కొనుక్కున్న మొదటి వస్తువు బాస్ కంపెనీ కటానా 50 యాంప్, అంటే గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె. దాన్ని 25 వాట్ల దగ్గర పెట్టి, వెనక స్టూలు మీద ఉంచి వాయిస్తాను. ఈమధ్య సంఘంలో బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 డిజిటల్ మిక్సర్ కొన్నారు. సౌండ్ చూసే తమ్ముడు "యాంప్ వద్దన్నా, లైన్లోనే మిక్సర్‌కి ఇచ్చెయ్, చెవుల్లో విందువుగాని" అన్నాడు. అయ్యగారు కూడా నవ్వుతూనే అన్నారు: "నీ గిటార్ బాగుంటుంది బాబూ, కానీ ప్రార్థన చేసేటప్పుడు నా మాట నాకే వినపడట్లేదు."

సరే అని రెండు వారాలు పెట్టుకుని చూశాను. మొదటి వారం కాలితో నొక్కే ఎఫెక్ట్ పెడల్‌లోంచి నేరుగా మిక్సర్‌కి ఇచ్చాం. డిస్టార్షన్ నొక్కగానే చెవిలో కందిరీగ దూరినట్టే ఉంది. రెండో వారం పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేసి, మిక్సర్ మళ్లీ లేచి, దాన్ని నడిపే ట్యాబ్‌కి వైఫై దొరికేదాకా చెవుల్లో బిరడాలతో నిలబడ్డాను.

అసలు బాధ ఇవి కాదు. ఆ రెండో వారమే, చివరి చరణం దగ్గర అయ్యగారు చెయ్యెత్తి వాయిద్యాలు ఆపమన్నారట. జనం మాత్రమే పాడుతున్నారు. నేను కళ్లు మూసుకుని హాయిగా వాయిస్తూనే ఉన్నాను. బేస్ బాబాయ్ మోచేత్తో పొడిస్తే గానీ తెలియలేదు. పదకొండేళ్లలో జనం పాట నాకు వినపడకపోవడం అదే మొదటిసారి.

యాంప్ ఉంచమని గట్టిగా అడగనా? అలవాటు చేసుకోనా?

మిక్సర్ మూల

బ్రదర్, నేనిప్పుడు సౌండ్ చూస్తున్నాను గానీ ముందు గిటారిస్టునే. మీ తమ్ముడి తరఫున మాట్లాడుతున్నానని అనుకోవద్దు.

ఏదీ తేల్చుకోకముందు ఒక పని చేయండి. శనివారం ప్రాక్టీసులో పొడవాటి కేబుల్ ఒకటి తీసుకుని, యాంప్ ఉన్నచోటే ఉంచి, ఎప్పుడూ పెట్టే వాల్యూమే పెట్టి, మీరు దిగి వెళ్లి రెండో చాప మీద కూర్చుని వాయించండి. నిలబడి కాదు, కూర్చునే. మా దగ్గర నేనలా కూర్చున్న రోజు నోట మాట రాలేదు.

12 అంగుళాల స్పీకర్ కిందిస్థాయి స్వరాలను గదంతా పరుస్తుంది గానీ, పదునైన పైస్వరాలను టార్చిలైటులా ఎదురుగానే కొడుతుంది. మీ యాంప్ స్టూలు మీద ఉంది కాబట్టి ఆ వెలుగు మీ మోకాళ్ల పక్కనుంచి పోయి, చాపల మీద కూర్చున్న మామ్మల చెవుల్లో పడుతుంది. మీ చెవికి పదును అందదు. డల్‌గా ఉందని మీరు ట్రెబుల్ పెంచుతారు. మా ఆడవాళ్లు వారానికో జానెడు వెనక్కి జరిగి జరిగి, చివరికి స్తంభం వెనక చేరారు. మేం ఫ్యాను గాలి కోసం అనుకున్నాం!

ఆ చాప మీద ఫోన్ యాప్ 97 డెసిబెల్స్ చూపించింది. ఫోన్ యాప్ తూకం రాయేమీ కాదు, కాస్త అటూ ఇటూ ఉంటుంది. అయినా చూడండి. పనిచేసేచోట చెవుల రక్షణకు అమెరికాలో నియోష్ అనే సంస్థ చెప్పే లెక్క ఒకటుంది: 85 దగ్గర ఎనిమిది గంటలు, అక్కడినుంచి 3 పెరిగినప్పుడల్లా సమయం సగం. అంటే 97 దగ్గర అరగంట. మన ఆరాధనే గంట.

ఇక మీ కందిరీగ. గిటార్ స్పీకర్ 5, 6 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. డిస్టార్షన్‌లో పుట్టే గరగరంతా అది మింగేస్తుంది. పెడల్‌ని నేరుగా మిక్సర్‌కి ఇస్తే మింగేవాళ్లు లేరు. అందుకే క్యాబ్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే ఏర్పాటు, తప్పనిసరి. మీరు కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. మీ కటానా వెనక హెడ్‌ఫోన్, రికార్డింగ్ జాక్ ఉంది. దాంట్లో స్పీకర్ ధ్వని కలిసే వస్తుంది, ప్లగ్ పెట్టగానే స్పీకర్ మూగబోతుంది. అది స్టీరియో జాక్, దానికి తగ్గ కేబుల్ తీసుకుని డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న డబ్బా) మీదుగా మిక్సర్‌కి ఇవ్వండి. చీటీ డబ్బులు ఎక్కడికీ పోలేదు.

జనం పాట వినపడలేదన్నారే, అందులో మీ తప్పు లేదు, ఇయర్‌ఫోన్ల తప్పూ కాదు. వినిపించే ఏర్పాటు ఎవరూ చేయలేదు, అంతే. స్టేజి అంచున రెండు మైకులు జనం వైపు తిప్పి పెట్టండి. వాటిని చెవులకు మాత్రమే పంపాలి, బయటి బాక్సులకు పొరపాటున కూడా పంపకూడదు, కుయ్‌మని కూస్తాయి. జనం బాగా వినపడాలని హాలు వెనక కట్టొద్దు. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది. 15 మీటర్ల వెనక మైకు పెడితే స్టేజి పాట అక్కడిదాకా వెళ్లేసరికి 44 మిల్లీసెకన్లు ఆలస్యం. మీ చెవిలో ప్రతి మాటా రెండుసార్లు పడుతుంది.

ఇంకో సంగతి. మీ మిక్స్‌ను తమ్ముడి చేతిలో పెట్టి ఊరుకోవద్దు. ఎక్స్‌ఆర్18కి ఫోన్‌లోంచే మీ ఆక్స్ (మీ చెవులకు విడిగా వెళ్లే లైను) మీరు సర్దుకోవచ్చు. లీడ్ పాట, కీబోర్డు, జనం మైకులు ముందు పెంచి, మీ గిటార్ ఆఖర్న పెంచండి. అందరం తిరగేసి చేస్తాం. ఆ ఆక్స్ మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) పెట్టించుకోవడం మాత్రం మరిచిపోవద్దు. ఎవరో కేబుల్ లాగితే టప్‌మని వచ్చే దెబ్బ నేరుగా కర్ణభేరికే తగులుతుంది. కరెంటు సంగతికి చిన్న యూపీఎస్ చాలు, మిక్సర్, వైఫై రూటర్ రెండూ దాని మీదే ఉండాలి. రూటర్‌ని వదిలేసి మేం ఒకసారి తెల్లబోయాం.

చీకటి గది కాంబో

నేను యాంప్ పక్షమే. చెవుల్లో ఎంత బాగా వినపడినా, స్పీకర్ కదిలించే గాలికి తీగ తనంతట తాను మోగుతూ ఉండే సుఖం రాదు. ఒక స్వరాన్ని పట్టి నిలబెట్టాలంటే నాకు ఆ గాలి కావాలి.

మా సంఘం హైదరాబాద్‌లో. యాంప్‌ని స్టేజి వెనక, బాప్తిస్మం తీసుకునేవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో పెట్టి, ఎదురుగా ఎస్‌ఎమ్57 మైకు పెట్టాం. తలుపు వేస్తే హాల్లోకి దాదాపు ఏమీ రాదు. ఒక ఆదివారం మాత్రం ఎవరో అక్క తడిబట్టలు తెచ్చి యాంప్ మీదే ఆరేసింది. మైకు మీద కూడా తువ్వాలు. ఆ రోజు నా టోన్ ఎందుకంత మెత్తగా ఉందో ఆరాధన అయ్యాక గానీ తెలియలేదు.

గది లేకపోతే యాంప్‌ని పక్కకి పెట్టి, వెనక్కి వాల్చి, స్పీకర్ మీ మొహం వైపు తిప్పండి. కటానాని 0.5 వాట్ మీద పెట్టినా సరిపోతుంది. అయితే ఒక్కటి, మిక్సర్ మూల అన్న చెప్పిన చాప పరీక్ష నేనెప్పుడూ చేయలేదు. చేయాలంటే కొంచెం భయంగానే ఉంది.

రెండో గొంతు

క్వయర్‌లో పాడతాను. గిటార్ అన్నలకు ఒక మనవి: జనం వినపడట్లేదని ఒక చెవిది తీసేసి ఒక్కదాంతో వాయించకండి. నేనలా ఏడాది పాడాను. రెండు చెవులతో వింటే సరిపోయే శబ్దం ఒక్క చెవికి చాలదు, తెలియకుండానే పెంచేస్తాం. ఇంటికెళ్లాక సాయంత్రం దాకా కుడి చెవిలో గుయ్‌మనేది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా వద్దు. మా ప్యాడ్స్ తమ్ముడు ఒకసారి తెచ్చాడు. వాడు కొట్టిన దెబ్బ వాడికే ఆలస్యంగా వినపడి, పాట మొత్తం ఈడ్చుకుంటూ పోయింది. వైరుదే నయం.

ఇంకోటి, స్టేజి మీద యాంపులు తీసేశాక ముందు చాపల వాళ్లు మాకు సంగీతమే వినపడట్లేదన్నారు. పెద్ద బాక్సులు రెండూ వాళ్ల తలల మీదుగా వెనక్కి చూస్తున్నాయి. స్టేజి అంచున చిన్న బాక్సు ఒకటి పెట్టాక సర్దుకుంది.

ఆరో తీగ

నాలుగు వారాలయింది, చెప్పాలిగా.

చాప మీద కూర్చున్నాను. మూడు నిమిషాలు కూడా వాయించలేదు. లేచి వచ్చి ట్రెబుల్ తగ్గించాను, తర్వాత యాంపే ఆపేశాను. మా పెద్దమ్మ ఎప్పుడూ కూర్చునేది సరిగ్గా అక్కడే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. ఇంటికెళ్లి అడిగితే, "నువ్వు వాయిస్తున్నావని ఓర్చుకున్నా" అంది.

ఇప్పుడు కటానా స్టేజి మీదే ఉంది, నోరు మూసుకుని. జాక్‌లోంచి మిక్సర్‌కి ఇస్తున్నాం, కందిరీగ పోయింది. తీగ మోగుతూ ఉండే సుఖం పోయిన మాట నిజం, కాంబో బ్రదర్ చెప్పింది అనుభవిస్తున్నాను. సోలో దగ్గర చెయ్యి ఇంకా వెతుక్కుంటోంది. జనం మైకులకి కొత్తవి కొనలేదు. మూల పడి ఉన్న పాత మైకులు రెండు తిప్పి పెట్టాం. మొదటి ఆదివారం వాటిని పెంచగానే మొదట వినపడింది ఒక పసిపిల్ల ఏడుపు, తర్వాత ఎవరిదో తాళాలగుత్తి, ఆ తర్వాత పాట. ఈసారి అయ్యగారు చెయ్యెత్తక ముందే ఆపేశాను. జనం గొంతు పెరుగుతోందని చెవిలోనే తెలిసింది.

ఒక చిక్కు మిగిలింది. తబలా వాయించే పెద్దాయన తనకీ చెవుల్లోవి కావాలంటున్నారు. మిక్సర్‌కి ఆక్స్‌లు ఆరే, ఆరూ అయిపోయాయి. బేస్ బాబాయ్, నేనూ ఒకే మిక్స్ పంచుకుంటే కుదురుతుందా? బాబాయ్‌కి బేస్ తప్ప ఇంకేదీ వినపడకూడదు మరి.