మూడంగుళాల రెడ్‌టెయిల్ అడుగుంపావు అయింది, ఇప్పుడేం చెయ్యాలి?

ఎంవీపీ_నాన్న
అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. పోయిన దసరా సెలవుల్లో మా బాబు ముచ్చటపడ్డాడని నాలుగొందలు పెట్టి రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లను కొన్నాం. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్ర తోక, పొడుగు మీసాలు, చూడటానికి బొమ్మలా ఉండేది. అప్పుడు మూడంగుళాలు. నిన్న స్కేలు పెట్టి చూస్తే పదిహేను. మా ట్యాంకు పొడవు మూడడుగులు, వెడల్పు అడుగుంపావు. వెనక్కి తిరగాలంటే పాపం తోక మడుచుకుని తిరుగుతోంది.

ముందు ట్యాంకులో ఉన్న చిన్న చేపలు, మాలీలు పోయాయి. తరువాత రెండు ఏంజెల్స్. పైకి ఎగిరి పడ్డాయేమో అని సోఫా కింద కూడా వెతికాం! మూడేళ్ళుగా ఉన్న సిల్వర్ షార్క్ కూడా ఒక రాత్రి మాయమై, పొద్దున్న దీని పొట్ట బంతిలా కనిపించేదాకా మాకు అర్థం కాలేదు. మా ఆవిడ దీన్ని పెదబాబు అంటుంది, మా వాడికన్నా ఎక్కువ తింటుందని. షాపతనేమో "తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందండీ, టెన్షన్ పడకండి" అన్నాడు. ఆరడుగుల ట్యాంకు చేయిద్దామనుకుంటున్నాను. సరిపోతుందా? పెంచినవాళ్ళు చెప్పండి.

కంచరపాలెం_కుర్రోడు
అన్నా, సరిపోదు. ఒక ఏడాది సరిపోతుందేమో. నాది పద్దెనిమిది నెలల్లో రెండడుగులు దాటింది. ఆరడుగుల ట్యాంకులో అది ఈదడం మానేసి మూల పట్టుకుని పడుకునేది. వెడల్పు రెండడుగులే కదా, మలుపు తిరిగిన ప్రతిసారీ మూతి అద్దానికి కొట్టుకుని మీసాలు అరిగిపోయాయి. అది చూడలేక ఇచ్చేశాను. పొడవు చూసి కొంటాం గానీ, ఈ జాతికి వెడల్పు ముఖ్యం.

మీసాల_మావయ్య
తొట్టి ఎంతుంటే చేప అంతే అన్న మాట మా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. చేప పెరగడం తగ్గేది నీళ్ళు పాడైతే, తిండి చాలకపోతే. అప్పుడు కూడా వెన్ను వంకర తిరిగి, కళ్ళు మాత్రం పెద్దవై, నలగి నలగి చచ్చిపోతుంది. దాన్ని చిన్నగా ఉండటం అనరు.

ఇది అమెజాన్, ఒరినోకో నదుల చేప. అక్కడ మీటరు దాటడం మామూలు. 2010లో బ్రెజిల్‌లో గాలానికి పడినదాని బరువు 56 కిలోలు, ఇప్పటికీ అదే రికార్డు అంటారు. బ్రెజిల్ వాళ్ళు దీన్ని పిరరారా అంటారు. అక్కడి ఆదివాసుల టుపీ భాషలో పిరా అంటే చేప, అరారా అంటే పంచరంగుల పెద్ద చిలుక. పేరు బాగుంది కదా. మన వాలుగకి దూరపు చుట్టం అనుకోండి. వాలుగను ఎవరైనా హాల్లో పెట్టుకుంటారా?

సీతమ్మధార_సివిల్
ట్యాంకు సంగతి సరే, మూడో అంతస్తు అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే 24 ఘనపుటడుగులు. దాదాపు 680 లీటర్లు, అంటే నీళ్ళే 680 కిలోలు. 12 ఎంఎం గాజు అయితే అదో 120 కిలోలు. ఐరన్ స్టాండు, కింద సంపు ఫిల్టరు కలిపితే టన్నుకు దగ్గర పడుతుంది. ఇళ్ళలో గదుల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తాం. మీ ట్యాంకు ఆనేది చదరపు మీటరు పైన కాస్త. వెంటనే కూలిపోతుందని భయపెట్టడం లేదు, గది మిగతా భాగం ఖాళీగా ఉంటుంది కాబట్టి స్లాబు కొంత పంచుకుంటుంది. కానీ హాలు మధ్యలో పెడితే మాత్రం ఒప్పుకోను. బీము మీదుగా, గోడ వారగా, అదీ మీ బిల్డింగు డ్రాయింగులు చూసినవాళ్ళు సరేనన్నాకే. కింది ఫ్లాటువాళ్ళతో గొడవ వేరే.

ఎంవీపీ_నాన్న
టన్ను అన్న మాట మా ఆవిడకి చదివి వినిపించాను. ఆరడుగుల ట్యాంకు కథ అక్కడితో కంచికి. అయితే ఇప్పుడు దీనికి తిండి ఏం వెయ్యాలి? రోజుకి రెండుసార్లు చికెన్ ముక్కలు, లివరు వేస్తున్నాం. వేసినదల్లా మింగేస్తోంది.

హార్బర్_హరి
ముందు చికెన్ ఆపండి బాబూ. ఆ కొవ్వు చేపకి అరగదు, లివరులో పేరుకుపోతుంది. పైగా నీళ్ళు కంపు. ఈ సైజుకి వారానికి మూడుసార్లు చాలు. రెండడుగులు దాటాక వారానికి ఒకటి రెండుసార్లు. ఆకలి వేసినట్టు తోక ఊపుతూ అద్దం దగ్గరికి వస్తుంది, నమ్మకండి. దాని స్వభావమే అది, దొరికినప్పుడు మింగెయ్యడం.

నేను వేసేవి తొక్కతో సహా పచ్చి రొయ్యలు, తిలాపియా ముక్కలు, ఎర్రలు. నడుమ నడుమ మునిగే గుళికలు. హార్బర్‌లో చవగ్గా దొరుకుతున్నాయి కదా అని రోజూ నెత్తళ్ళే, కవళ్ళే వేస్తే ఇంకో తంటా. అలాంటి చేపల్లో బి1 విటమిన్‌ను విరిచేసే ఎంజైము ఉంటుంది. నెలల తరబడి అదే తింటే చేప నీరసించి పక్కకి ఒరిగిపోతుంది. బతికున్న గోల్డ్‌ఫిష్ వెయ్యడం అసలు వద్దు. దానికి కూడా అదే లోపం, పైగా దాని రోగాలు దీనికి అంటుకుంటాయి. పిల్లలు వీడియోలు తియ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అక్కయ్యపాలెం_ఆక్వా
ఇంకోటి. ట్యాంకు అడుగున గులకరాళ్ళు ఉంటే ఈ రాత్రే తీసెయ్యండి. ఇది నోరు తెరిచి మింగేటప్పుడు తిండీ రాయీ తేడా చూడదు. మా దగ్గర ఒకటి థర్మామీటరు మింగింది. అదృష్టం, రెండో రోజు కక్కేసింది. హీటరు మన ఊళ్ళో ఎలాగూ అక్కర్లేదు. ఉంటే చుట్టూ జాలీ కట్టి పెట్టండి, లేదా బయటకి తీసెయ్యండి.

జబ్బు చేస్తే షాపువాళ్ళు ఇచ్చే నీలం చుక్కలు, రాగి కలిసిన మందులు చూసుకోకుండా పొయ్యకండి. దీనికి పొలుసులు ఉండవు, మందు తొందరగా లోపలికి దిగుతుంది. ఉప్పు కూడా అంతే, మిగతా చేపలకి వేసినంత వెయ్యకూడదు. నా అనుభవంలో సగం జబ్బులు నీళ్ళు మారిస్తే తగ్గుతాయి. కుళాయి నీళ్ళకి క్లోరిన్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములో ఒక రోజు గాలి మర (ఎయిర్ పంపు) పెట్టి ఉంచండి, లేదా హైపో గింజలు వాడండి. దాన్నే షాపులో యాంటీ క్లోరిన్ అని రంగు సీసాలో పోసి అమ్ముతారు.

గాజువాక_గణేష్
ఇంత చర్చ ఎందుకండీ. పట్టుకెళ్ళి మేఘాద్రిగెడ్డ రిజర్వాయరులో వదిలెయ్యండి. హాయిగా బతుకుతుంది. పుణ్యం కూడా.

మీసాల_మావయ్య
బాబూ, పుణ్యం కాదు అది. మేఘాద్రిగెడ్డ నీళ్ళు మనం తాగేవి, అందులో చేపలు పట్టుకుని బతికేవాళ్ళూ ఉన్నారు. అద్దాలు శుభ్రం చేస్తుందని ప్రతి ట్యాంకులో వేసిన సక్కర్ చేప ఇవాళ ఏమైంది? అదీ దక్షిణ అమెరికాదే. రాకాసి చేప, డెవిల్ ఫిష్ అని కృష్ణా, గోదావరి వైపు రైతులు తల పట్టుకుంటున్నారు. దాని ముళ్ళకి వలలు చిరిగిపోతున్నాయి, పైగా కొనేవాడు లేడు. అదేమీ రెక్కలు కట్టుకుని రాలేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించింది ఇందుకే, మన మార్పు, ఇంగిలాయి చేపల్ని బతకనివ్వదని. 2018 కేరళ వరదల్లో గట్లు తెగి పెంపకం చెరువుల్లోని అరపైమాలు, అవీ అమెజాన్ పెద్ద చేపలే, నదుల్లోకి వచ్చి వలలకి పడ్డాయి. అది వరద చేసింది. మీరు చేతులారా చెయ్యమంటున్నారు.

గాజువాక_గణేష్
సరే మావయ్య గారూ, వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో రెండు షార్కులు ఉన్నాయి, వాటి గురించి ఆలోచిస్తూ అన్నాను. అవి కూడా అడుగు అయ్యాయి.

హార్బర్_హరి
వెండి రంగులో ఉండి, భయపడితే అద్దానికి గుద్దుకునే షార్కులా? గణేష్ గారూ, అది షార్కు కాదు. పంగస్. పశ్చిమ గోదావరి చెరువుల్లో టన్నుల లెక్కన పెంచుతారు, హోటల్లో బోన్‌లెస్ ఫ్రై అని తినేది ఎక్కువగా అదే. అదీ మీటరు దాకా వెళ్తుంది.

గాజువాక_గణేష్
నాకు ఇప్పుడు తల తిరుగుతోంది.

హుద్‌హుద్_బాధితుడు
పెద్ద చేప పెట్టుకునేవాళ్ళు కరెంటు గురించి ఆలోచించరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మా వీధికి తొమ్మిదో రోజుకి గానీ కరెంటు రాలేదు. నా దగ్గర అప్పుడు రెండు ఆస్కార్లు, ఒక అరోవానా, అడుగున్నర క్యాట్‌ఫిష్ ఒకటి. ఇంట్లో అందరం వంతులు వేసుకుని చెంబుతో నీళ్ళు తీసి పైనుంచి పోశాం, గాలి కలవాలని. తిండి పూర్తిగా ఆపేశాం. తాగడానికే నీళ్ళు లేని రోజుల్లో చేపలకి చెంబు తిప్పుతున్నానని మా నాన్నగారు తిట్టారు. అయినా ఆయన వంతు ఆయన పోశారు.

ఎనిమిది రోజులు అన్నీ బతికాయి. కరెంటు రాగానే సంబరంగా క్యానిస్టర్ ఫిల్టరు ఆన్ చేశాను. అదీ నేను చేసిన తప్పు. మూసి ఉన్న డబ్బాలో ఇన్ని రోజులు గాలి లేక మంచి బ్యాక్టీరియా చచ్చి, లోపల మురిగిపోయి ఉంది. ఆ మురుగంతా ఒక్కసారి ట్యాంకులోకి వచ్చింది. తెల్లారేసరికి క్యాట్‌ఫిష్, ఒక ఆస్కార్ పోయాయి. తుపాను చంపలేదు, నేను చంపాను. ఎక్కువ గంటలు కరెంటు పోతే ఫిల్టరు విప్పి కడిగాకే ఆన్ చెయ్యండి. బ్యాటరీతో నడిచే గాలి మర ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఎంవీపీ_నాన్న
ఇవన్నీ చదివాక ఇది మా ఇంట్లో ఉండకూడదని అర్థమైంది. ఎవరికి ఇవ్వాలి? జూకి ఇవ్వొచ్చా?

అక్కయ్యపాలెం_ఆక్వా
అడగందే బకెట్టు పట్టుకుని ఎక్కడికీ వెళ్ళకండి. ఎక్కడైనా సరే, ఇలా పెరిగిపోయిన చేపల్ని తీసుకోమని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. షాపువాళ్ళు తీసుకుంటారు గానీ రేపు ఇంకో మూడడుగుల ట్యాంకుకే అమ్ముతారు.

పెందుర్తి_తోట
నేను ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. నా దగ్గర ఒక రెడ్‌టెయిల్ నాలుగేళ్ళుగా ఉంది, రెండున్నర అడుగులు. తోటలో సిమెంటు తొట్టి, పన్నెండడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, నీళ్ళు మూడున్నర అడుగులు. తొమ్మిదిన్నర వేల లీటర్లు. కాబట్టి అందరూ దీన్ని పెంచనే కూడదు అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. జాగా ఉంటే పెంచొచ్చు. ఫ్లాటులో కూడదు.

కానీ సుఖం అనుకోకండి. కొత్త సిమెంటుకి సున్నం వదులుతుంది. అరటి బోదెలు నరికి వేసి, నీళ్ళు నింపి, వారానికోసారి వదిలేసి, నెలన్నర ఆగాకే చేపను దింపాను. పైన వల లేకపోతే ఎగురుతుంది. మే నెలలో తాటాకు పందిరి వెయ్యాలి. ఫిల్టరు మోటారు 40 వాట్లది రాత్రీ పగలూ తిరిగితే నెలకి 29 యూనిట్లు దానికే. మారిన నీళ్ళు కొబ్బరి మొక్కలకి పోతాయి, అదొక్కటే లాభం.

ఎంవీపీ నాన్న గారూ, మీదాన్ని తీసుకుంటాను. రెండూ దెబ్బలాడకుండా మొదట మధ్యలో మెష్ కడతాను. డబ్బులేమీ వద్దు.

ఎంవీపీ_నాన్న
అండీ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎలా తీసుకురావాలి?

పెందుర్తి_తోట
మూడు రోజులు తిండి పెట్టకండి. కడుపు నిండా ఉంటే భయానికి దారిలో కక్కేసి నీళ్ళు పాడుచేస్తుంది. మూత ఉన్న నీలం డ్రమ్ము, సగం దాకా మీ ట్యాంకు నీళ్ళే, బ్యాటరీ గాలి మర. వలతో పట్టొద్దు. రెక్క ముళ్ళు వలలో ఇరుక్కుంటే విడదియ్యలేం, ముల్లు విరుగుతుంది, మీ చెయ్యీ తెగుతుంది. దళసరి పాలిథిన్ కవరు నీళ్ళలో పెట్టి నెమ్మదిగా దాన్ని లోపలికి నడిపించండి. పొద్దున్నే బయల్దేరితే ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కోరు.

ఎంవీపీ_నాన్న
దింపేశామండీ. ముప్పావు గంట కొంచెం కొంచెంగా నీళ్ళు కలిపి వదిలారు తోట గారు. డ్రమ్ములోంచి వదలగానే అడుగుకి వెళ్ళి మూల పట్టుకుంది. మా బాబు ఏడవలేదు. దారంతా మాట్లాడలేదు.

పెందుర్తి_తోట
అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఎనిమిది రోజులు ఏమీ ముట్టలేదు. వాళ్ళ మేడమ్ గారు రోజూ సాయంత్రం ఫోను చేసి "పెదబాబు తిన్నాడా" అని అడుగుతున్నారు. నిన్న రాత్రి లైట్లు తీసేశాక రెండు రొయ్యలు మింగింది. నా పాతది మెష్ అవతల నుంచి చూస్తూ కూర్చుంది.

ఆదివారం బాబుని తీసుకురండి. రొయ్యలు తేకండి, నా దగ్గర ఉన్నాయి. గణేష్ గారూ, మీరు మాత్రం ఆ పంగస్‌లతో రావద్దు, జాగా లేదు.