సెయింట్ మేరీస్ దీవిలో రాతి స్తంభాలు ఫొటోలో బండల గుట్టలా పడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: డిసెంబర్‌లో ఉడుపి వెళ్తున్నాం. మల్పె నుంచి పడవలో సెయింట్ మేరీస్ దీవికి కూడా వెళ్లాలని ఉంది. కిందటేడు మా తమ్ముడు తీసిన ఫొటోల్లో స్తంభాలు విడివిడిగా తెలియనే లేదు, అంతా నల్లగా ఉంది. నా దగ్గర కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్, పోలరైజర్ (మెరుపు తగ్గించే, తిప్పగలిగే ఫిల్టర్) ఉన్నాయి. ఎలా తీయాలో చెప్పండి.

జవాబు 1: మీ తమ్ముడు మిట్టమధ్యాహ్నం తీసి ఉంటారండీ. నడినెత్తిన ఎండ ఉంటే స్తంభాల తలలు తెల్లగా మెరిసి, పక్కలు చీకట్లో కలిసిపోతాయి. మూడు దాటాక పడమటి ఒడ్డుకు వెళ్లండి. వెలుగు మీ భుజం పక్కనుంచి పడేలా నిలబడితే ఒక్కో స్తంభానికీ ఒకవైపు నీడ వస్తుంది. కావాల్సింది ఆ నీడే.

అక్కడ అసలు చూడాల్సింది పగుళ్లు. దాదాపు 8.8 కోట్ల ఏళ్ల కిందట, మడగాస్కర్ మన దేశం నుంచి విడిపోయే కాలంలో పొంగిన లావా అది. చల్లారుతూ కుంచించుకుపోయి, ఎండిన చెరువు మట్టిలా బీటలు వారింది. ఆ బీటలే లోపలికి దిగి రాయిని ఐదు, ఆరు పలకల స్తంభాలుగా చీల్చాయి. దీవి మొత్తం ఒకే ఫ్రేములో ఇరికించకుండా 35-55 మధ్య జూమ్ చేసి పగుళ్ల వరుసలు పట్టుకోండి. పైనుంచి కిందికి చూస్తూ పలకలు కనిపించేలా ఒకటి తీయండి. పక్కన మనిషి ఉంటే ఎత్తు తెలుస్తుంది.

సూర్యాస్తమయం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆఖరి పడవ ముందే వెళ్లిపోతుంది, వేళ టికెట్ దగ్గరే అడగండి.

జవాబు 2: పోలరైజర్ వాడండి కానీ పూర్తిగా తిప్పేయకండి. తడి రాయి మీద మెరుపంతా పోతే ఫొటో చప్పగా ఉంటుంది. జూమ్ 18 దగ్గర, అంటే బాగా వెడల్పుగా పెట్టి పోలరైజర్ వాడితే ఆకాశం ఒకపక్క ముదురుగా, ఒకపక్క పాలిపోయి వస్తుంది.

ప్రశ్న: థాంక్సండీ. మా ఆవిడ ఫోన్‌తో తీస్తుంది, తనకేమైనా చెప్తారా? సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో వెళ్తే మంచిదా?

జవాబు 1: పాటులో స్తంభాల అడుగులు కూడా బయటపడతాయి, మంచిదే. కాకపోతే అక్కడ పాచి ఉంటుంది, జారతారు. గార్డు విజిల్ వేస్తే వెనక్కి వచ్చేయండి. ఫోన్‌లో బాగా వెడల్పుగా చూపించే 0.5 లెన్స్ వద్దు, అంచుల్లో స్తంభాలు వాలిపోతాయి. ఫోన్ నిటారుగా పట్టుకుంటే చాలు. ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో తడిపిన గుడ్డతో అద్దండి.