ప్రాగ్‌లో ఒక్క రోజు, మోకాళ్ళ నొప్పులున్న మామయ్యతో ఎట్లా తిరగాలి?

కపిలతీర్థం_రోడ్డు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా మరిది జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తాడు, పిల్లల ఎండాకాలం సెలవుల్లో అందరం వాళ్ళింటికి పోతున్నాం. అక్కడి నుంచి చెక్ దేశం రాజధాని ప్రాగ్ రైల్లో రెండున్నర గంటల దూరమేనంట, అందుకని మే మొదటి వారంలో రెండు రాత్రులు ప్రాగ్‌లో ఉండి మధ్యలో ఒక రోజంతా పాత ఊరు నడిచి చూడాలని అనుకున్నాం. అత్తమ్మకి 63, బాగానే నడుస్తారు. బాబుకి 11, పాపకి 6. ఇబ్బందంతా మామయ్యతోనే. 68 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయన్నారు డాక్టరు.

ఐదేళ్ళ కిందటి వరకు ప్రతి సంవత్సరం అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి కొండకి పోయిన మనిషి ఆయన. ఇప్పుడు గోవిందరాజస్వామి గుడి చుట్టూ మాడ వీధుల్లో ఒక రౌండు వేసేలోపు రెండు చోట్ల అరుగు చూసుకుని కూర్చుంటారు. "నేను రూములో ఉంటాలేమ్మా, మీరు పోయి చూసి రండి" అని ఇప్పటినుంచే అంటున్నారు, అంత దూరం తీసుకుపోయి ఆయన్ని రూములో కూర్చోబెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. కోట కొండ మీద ఉంది, వీధులన్నీ రాళ్ళు పరిచినవి అని చదివాను. పెద్దవాళ్ళతో పోయొచ్చిన వాళ్ళు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది వదిలేయొచ్చో, శాకాహారం తిండి సంగతి ఏంటో కొంచెం చెప్పండి. మామయ్య రోజూ పొద్దున పంచాంగం చూడనిదే కాఫీ తాగరు, పాత ఊరి టౌన్ హాల్ మీద సూర్యుడు, చంద్రుడు ఎక్కడున్నారో చూపించే పాతకాలం గడియారం ఉందంట, అది ఒక్కటి ఆయనకి చూపించాలని నా కోరిక.

చిత్తూరు_మిట్టూరు

అక్కా, మేము మా నాయనని తీసుకోని పోయినాము, నాయనకి అప్పుడు 70. రూములో మాత్రం వదలొద్దు, మా ఇంట్లో ఇప్పటికీ ఆయన చెప్పే కథల్లో సగం ఆ ఊరివే.

నా సలహా ఒకటే, కొండ మీద నుంచి మొదలుపెట్టండి. కింద నుంచి కోటకి నడిచి ఎక్కితే పొద్దున పదికే అందరూ అలిసిపోతారు, మిగతా రోజంతా బెంచీల మీదే అయిపోతుంది. 22 నంబరు ట్రామ్ ఉంటుంది, ప్రాష్‌స్కీ హ్రాద్ అనే స్టాప్‌లో దిగితే కోట వెనకవైపు గేటు ఐదు నిమిషాల నడక, మిట్ట ఎక్కే పనే లేదు. ఆడ సెక్యూరిటీ చెకింగ్ ఉండొచ్చు కాబట్టి తొమ్మిది లోపల పోయి నిలబడితే మంచిది. లోపల సెయింట్ వైటస్ కేథడ్రల్ ఉంది చూడండి, అది 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేసినారు, దాదాపు ఆరు వందల ఏళ్ళు. మా నాయన రిటైర్ అయిన మేస్త్రీ, ఆయన లోపలికి పోయి ఒక స్తంభం దగ్గర నిలబడి అరచేత్తో రాయిని తడిమి తడిమి చూసి "మొదలుపెట్టినోడు తన మునిమనవడు కూడా దీన్ని పూర్తిగా చూడడని తెలిసే పెట్టినాడు రా" అన్నాడు. నేను గాజు కిటికీలు చూస్తా ఉన్నా, ఆయన మాత్రం ఆ రాయి దగ్గర నుంచి పావుగంట కదల్లేదు.

దాని టవర్ 287 మెట్లు, అది పిల్లలకి కూడా వద్దు, వదిలేయండి. తర్వాత నెరుదోవా వీధిలో మెల్లగా కిందికి దిగండి. ఆ వీధి పిల్లలకి శానా నచ్చుతుంది, ఎందుకంటే పాతకాలంలో ఇళ్ళకి నంబర్లు లేవు, 1770లో మరియా థెరీసా రాణి నంబర్లు వేయించే దాకా గుర్తులతోనే పిలిచేవాళ్ళు. రెండు సూర్యుళ్ళ ఇల్లు, మూడు ఫిడేళ్ళ ఇల్లు, ఇట్లా. మన పక్క చింతమాను కాడి ఇల్లు, రెండు మిద్దెలోళ్ళ ఇల్లు అంటారే అదే పద్ధతి. తలుపు పైన ఆ బొమ్మలు ఇంకా ఉండాయి, మా పాప లెక్కపెట్టుకుంటా దిగింది. కింద నది మీద కార్ల్ బ్రిడ్జి, అదే చార్లెస్ బ్రిడ్జి, అది దాటితే పాత ఊరు, గడియారం.

మెట్లదారి_2388

పై అన్న చెప్పింది చాలావరకు కరెక్టే కానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను, అదీ గట్టిగా. మోకాళ్ళు అరిగిన వాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. దిగేటప్పుడు బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. మన తిరుపతోళ్ళకి ఇది ఒకరు చెప్పాలా, నడిచి కొండెక్కిన వాళ్ళలో ఎంతమంది నడిచి దిగుతారు, అందరూ బస్సే కదా. మా అమ్మ శ్రీవారి మెట్టు 2388 మెట్లు ఎక్కింది, కానీ ప్రాగ్‌లో నెరుదోవా వీధి దిగేసరికి రాత్రికి మోకాలు వాచింది. పైగా అది సిమెంటు రోడ్డు కాదు, పిడికిలంత రాళ్ళు పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది, రాయికీ రాయికీ మధ్య సందులో మడమ పడుతుంది. రెండో రోజు మాకు ఎటూ పోవడానికి కాలేదు, అమ్మ "నా వల్లే మీ ట్రిప్పు పాడయింది" అని బాధపడింది, ఆ మాట వినడం నాకు ఇంకా బాధ. అందుకే రాస్తున్నా.

మీరు కోట చూసి అదే 22 ట్రామ్ వెనక్కి ఎక్కేయండి, మాలోస్త్రాన్‌స్కే నామ్యెస్తీ అనే స్టాప్ కొండ కిందే, దిగి ఐదు నిమిషాలు నడిస్తే బ్రిడ్జి. అక్కడి నుంచి గడియారం వరకు అంతా చదును, మొత్తం కలిపినా రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. మీ ఆయన పిల్లల్ని తీసుకుని నెరుదోవా మీదుగా దిగితే అందరూ బ్రిడ్జి దగ్గర కలుసుకోవచ్చు.

ఇంకొకటి, మామయ్యగారు చెప్పులతో వస్తారేమో, వద్దని చెప్పండి. అడుగు మందంగా ఉన్న షూస్ ఇప్పుడే కొని నెల రోజులు ఇక్కడే తొడిగి తిప్పండి. ఫ్లైట్ ఎక్కే ముందు రోజు కొన్న షూస్‌తో ఆ రాళ్ళ మీద నడవలేరు.

పుత్తూరు_నుంచి_ప్రాగ్

నేను ఇక్కడే చదువుకుంటున్నా, ఊరు పుత్తూరు. తెలిసినవి చెప్తా.

ముందు డబ్బుల సంగతి. ఇక్కడ యూరోలు కాదు, కొరునాలు. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది కానీ టాయిలెట్లకి చిల్లర కావాలి, పెద్దవాళ్ళున్నారు కాబట్టి జేబులో పెట్టుకోండి. రోడ్డు మీద ఎవరైనా వచ్చి మంచి రేటుకి మారుస్తామంటే ఆగకుండా నడిచిపోండి, పనికిరాని వేరే దేశం నోట్లు చేతిలో పెడతారు, నా రూమ్మేట్‌కి అదే జరిగింది. షాపులో మార్చినా రేటు, చేతికొచ్చే మొత్తం ముందే అడగండి, మోసపోయామనిపిస్తే మూడు గంటల్లోపు రసీదుతో వెనక్కిపోయి రద్దు చేసుకునే హక్కు ఇక్కడి చట్టంలో ఉంది.

ట్రామ్‌లో కాగితం టికెట్ అయితే ఎక్కగానే పసుపు డబ్బాలో పెట్టి స్టాంపు కొట్టాలి, కొట్టకపోతే టికెట్ ఉన్నా ఫైన్. 15 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు, పెద్దబాబుకి వయసు ప్రూఫ్ దగ్గర పెట్టుకోండి.

తిండికి వస్తే, స్మాజెనీ సీర్ అని చీజ్ ముక్కకి బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించి ఆలుగడ్డలతో ఇస్తారు. గుడ్డు కూడా తినని వాళ్ళయితే జాగ్రత్త, ఆ పూతలో గుడ్డు వేస్తారు, బ్రాంబొరాక్ అనే ఆలుగడ్డ అట్టులో కూడా వేస్తారు. ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి కానీ మధ్యాహ్నం వాటి కోసం వెతుక్కుంటూ తిరిగితే టైమంతా పోతుంది, పొద్దునే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. ఊరిబిండి తెచ్చుకోండి. నెయ్యి, పాల పదార్థాలు, మాంసం మాత్రం బయటి దేశాల నుంచి తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం, సూట్‌కేసులో పెట్టకండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు. మే నెలలో మీకక్కడ నలభై దాటినా ఇక్కడ పొద్దున పూట స్వెట్టర్ కావాలి, పొద్దుగూకేది రాత్రి ఎనిమిదిన్నరకి, కాబట్టి మధ్యాహ్నం ఒక గంట రూముకి పోయి పడుకుని వచ్చినా రోజు తరగదు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు అట్లాగే చేశాం.

గడియారం ఉన్న టౌన్ హాల్ టవర్‌కి లిఫ్ట్ ఉంది, ఇది చాలామందికి తెలీదు. మామయ్యగారు ఒక్క మెట్టు ఎక్కకుండా ఊరంతా పైనుంచి చూడొచ్చు.

గడియారం గురించి ఒక మాట. గంట కొట్టేటప్పుడు కిటికీల్లో పన్నెండు మంది అపోస్తలుల, అంటే ఏసు శిష్యుల బొమ్మలు తిరగడం, అస్థిపంజరం గంట లాగడం, చివర్లో కోడి కూయడం, దాని కోసమే అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడతారు, నిమిషంలో అయిపోతుంది, అయిపోగానే వెళ్ళిపోతారు. అసలు గొప్పతనం కింద ఉన్న పలకలో ఉంది. 1410లో పెట్టింది, ఇంకా నడుస్తోంది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎంత నిండాడో చూపిస్తుంది, బయటి వలయంలో అంకెలు పాత చెక్ పద్ధతి, సూర్యాస్తమయం నుంచి 24 గంటలు లెక్క. మనం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెడతాం కదా, వీళ్ళు అస్తమయం నుంచి. మామయ్యగారికి ఈ ముక్క ముందే చెప్పి తీసుకురండి, జనం వెళ్ళిపోయాక ముందుకి తీసుకెళ్ళి తీరిగ్గా చూపించండి.

చిత్తూరు_మిట్టూరు

మెట్లదారి మేడమ్ చెప్పింది నిజం. మా నాయనకి మోకాళ్ళు బాగుండినాయి కాబట్టి నాకు ఆ ఆలోచన రాలేదు. అక్కా, ట్రామ్‌లోనే దిగండి.

బ్రిడ్జి గురించి ఇంకొక్కటి, పంచాంగం చూసే మామయ్య అన్నారు కాబట్టి. నాలుగో చార్లెస్ అనే రాజు దానికి శంకుస్థాపన చేసింది 1357లో 9వ తేదీ 7వ నెల ఉదయం 5 గంటల 31 నిమిషాలకి అని చెప్పుకుంటారు. అన్నీ వరసగా రాయండి, 1 3 5 7 9 7 5 3 1. ఎక్కి దిగే బేసి అంకెలు. అంతకు ముందున్న బ్రిడ్జి 1342 వరదల్లో కొట్టుకపోయింది, అందుకని ముహూర్తం చూసి పెట్టినారని ఆడివాళ్ళ నమ్మకం.

కపిలతీర్థం_రోడ్డు

నిన్ననే తిరుపతికి వచ్చాం, రాగానే ఇదే రాస్తున్నా, మీ నలుగురికి కాదు కాదు ముగ్గురికీ ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

మీరు చెప్పినట్టే ట్రామ్‌లో పైకి, ట్రామ్‌లో కిందికి. మా ఆయన పిల్లలతో నెరుదోవా దిగారు, పాప పద్నాలుగు బొమ్మలు లెక్కపెట్టానంది, బాబు పదకొండే అన్నాడు, బ్రిడ్జి దగ్గర కలిసినప్పుడు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కోటలో మామయ్య కేథడ్రల్ మాత్రం చూశారు, మిగతాది వదిలేశాం, బయట బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం.

బ్రిడ్జి దాటడానికి మాకు గంటన్నర పట్టింది. అర కిలోమీటరే, కానీ రెండు వైపులా ముప్పై విగ్రహాలు ఉన్నాయి, అత్తమ్మ ఒక్కొక్కటి ఎవరో అడగకుండా ముందుకి కదల్లేదు. నెపోముక్ అనే సాధువు విగ్రహం కింద కంచు పలక ఒకటి, 1393లో ఆయన్ని అక్కడి నుంచే నదిలో పడేశారంట, చేత్తో తాకితే మళ్ళీ ఆ ఊరికి వస్తారని నమ్మకం. లక్షల చేతులు తాకీ తాకీ బొమ్మ ఉన్న చోట బంగారంలా మెరుస్తోంది, మిగతా పలకంతా నల్లగా ఉంది. మన గుళ్ళో గడప మధ్యలో అరిగినట్టు. అత్తమ్మ తాకి కళ్ళకద్దుకున్నారు.

మామయ్య బ్రిడ్జి గోడకి ఆనుకుని బాబు దగ్గర పెన్ను అడిగి తీసుకుని అరచేతి మీద ఆ తొమ్మిది అంకెలూ రాసుకున్నారు.

సాయంత్రం గడియారం. ఆరు గంటలకి జనం, ఏమీ కనపడలేదు. అందరూ పోయాక మామయ్యని ముందుకి తీసుకెళ్ళాం, కళ్ళద్దాలు తుడుచుకుని అట్లాగే చూస్తూ నిలబడ్డారు. ముందే అష్టమి అని చెప్పి ఉన్నారు, చంద్రుడి గోళం సరిగ్గా సగం తెలుపు సగం నలుపు ఉంది, అది చూసి పాప చప్పట్లు కొట్టింది. కానీ సూర్యుడు వృషభ రాశిలో ఉన్నాడు. "అదెట్లా, మనకి మే పద్నాలుగు దాకా మేషమే కదా" అని మామయ్య మొహం చిన్నబోయింది. గడియారం తప్పు చూపిస్తోందేమో అని మా ఆయన అన్నారు. మామయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "కాదు, తప్పు కాదు, వాళ్ళది సాయనం, రాశుల్ని విషువత్తు నుంచి లెక్కపెడతారు, మనది నిరయనం, నక్షత్రాల్ని బట్టి లెక్క, మధ్యలో ఇరవై నాలుగు డిగ్రీల తేడా, అదే అయనాంశ, లెక్క సరిపోయింది" అని బాబు భుజం పట్టుకుని అక్కడే మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. ఏడు గంటలు కొట్టేవరకు చెప్పారు. కోడి మళ్ళీ కూసింది. కూర్చుంటారా మామయ్యా అని నేను రెండు సార్లు అడిగాను, వినిపించుకోలేదు.

రూముకి వచ్చాక మోకాళ్ళకి నూనె రాస్తుంటే, రేపు రైలు ఎన్నింటికి, ఇంకొకసారి పొద్దున పూట చూసి పోవచ్చా అని అడిగారు. తొమ్మిదికి మొదలవుతాయి బొమ్మలు, మా రైలు పదిన్నరకి. చూసే ఎక్కాం.