తసాదాయ్ తెగ నిజమా, నాటకమా?

ప్రశ్న (అశోక్‌నగర్, హైదరాబాద్): సివిల్స్ ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఆప్షనల్ నోట్స్ ఒకదాంట్లో తసాదాయ్ ‘రాతియుగపు తెగ’, ఇంకోదాంట్లో ‘పచ్చి మోసం’. జవాబులో ఏది రాయాలండీ?

జవాబు 1: రెండూ తప్పే. 1971లో ఫిలిప్పీన్స్ అధికారి మాన్యువల్ ఎలిజాల్దే, మిందనావో దీవి అడవి గుహల్లో ఉంటున్నారంటూ 26 మందిని లోకానికి చూపించాడు. 1986లో అధ్యక్షుడు మార్కోస్ పదవి నుంచి పడిపోయాక స్విస్ విలేకరి ఓస్వాల్డ్ ఇటెన్ వెళ్తే గుహలు ఖాళీ, ఆ జనం గుడిసెల్లో ఉన్నారు. మోసం అన్న మాట అక్కడ పుట్టింది.

జవాబు 2: సాక్ష్యాలు విడివిడిగా తూచండి. తరతరాలుగా గుహలో బతికితే ఎముకలు, తొక్కలు కుప్పపడాలి, అవి కనబడలేదు. అడవి దుంపలతోనే అందరి కడుపూ నిండుతుందా అన్నది ఇంకో అనుమానం. ఇవి ‘రాతియుగం’ కథను కొడతాయి, మనుషుల్ని కాదు. భాషావేత్త లారెన్స్ రీడ్ పరిశీలనలో వాళ్ల మాట అక్కడి పొరుగువాళ్ల మనోబో భాషకు దగ్గరి యాస. చిన్నపిల్లలతో సహా అందరికీ ఒక యాస నేర్పి నటింపజేయడం అయ్యే పనేనా? పొరుగు రైతుల నుంచి విడిపోయిన చిన్న గుంపు అనడమే సబబు.

జవాబు 3: ఒక వాక్యం కలపండి. ఫిలిప్పీన్స్ 1997 చట్టం తెగను గుర్తించేటప్పుడు తాము ఎవరమని వాళ్లు చెప్పుకుంటారో, ఇతరులు ఏమంటారో చూస్తుంది. మన షెడ్యూల్డ్ తెగల జాబితాను పరిశీలించిన 1965 లోకూర్ కమిటీ మాత్రం ‘ఆదిమ లక్షణాలు’ వెతికింది. టీషర్టు వేసుకుంటే తెగ కాదన్న వాదన ఆ రెండో తరహా చూపులోంచి వచ్చిందే. మార్కులు ఇక్కడే పడతాయి.