పిల్లల కటి ఎముక విరిగితే "అదే సర్దుకుంటుంది" అనొచ్చా?

బాబాయి: మా అన్నయ్య కొడుక్కి ఎనిమిదేళ్లు. రోడ్డు దాటుతుంటే కారు గుద్దేసింది. కటి ఎముక ముందు ఒకచోట, వెనక వెన్నెముకతో కలిసేచోట ఇంకోచోట విరిగింది. ఒక డాక్టరుగారు "లేత ఎముకలు, పడుకోబెడితే అవే సర్దుకుంటాయి" అంటున్నారు, ఇంకొకరు స్క్రూలు వేయాలంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరి మాట వినాలి?

ఫిజియో: తొందరపడి ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. నేను చూసిన పిల్లల్లో చాలామంది కొన్ని వారాల బెడ్ రెస్ట్‌తోనే లేచి నడిచారు. పెరిగే వయసు కదా, అదే పెద్ద మందు.

ఆర్థో వార్డు అక్క: ఫిజియో గారూ, మీరు చెప్పింది వలయం, అంటే కటి ఎముకలు ముందూ వెనకా కలిసి చేసే గుండ్రటి చట్రం, కదలకుండా ఉన్న పిల్లలకి నిజమే. ముందు భాగంలో చిన్న చీలిక ఒక్కటే అయితే ఎవరూ కత్తి పట్టరు. కానీ ముందూ వెనకా రెండుచోట్లా విరిగి పక్కకి జరిగిన ఎముకకి కూడా అదే మాట చెప్పడం నాకు భయంగా ఉంది. 1985లో టోరోడ్, జీగ్ అనే డాక్టర్లు ఈ దెబ్బల్ని నాలుగు రకాలుగా విడదీశారు, అందులో వలయం పట్టు తప్పినవి నాలుగో రకం. మణికట్టు దగ్గర వంకరైన ఎముక ఏడాదిలో సాఫీ అయిపోవడం మనం చూస్తాం, కటి ఎముక అలా సర్దుకోదు, ఒక పక్క పైకి జరిగి అతుక్కుంటే ఆ తేడా అలాగే నిలిచిపోతుంది. పాత కేసు ఒకటి ఇంకా నా కళ్లలో ఉంది: ఆ పాప పావడా ఎంత సరిచేసి కట్టినా ఒక పక్కకే ఎగదన్నేది, కుడి చెప్పు మడమ మాత్రమే అరిగిపోయేది.

బాబాయి గారూ, ఇంకో మాట. పిల్లల కటి ఎముక సాగే గుణం ఉన్నది, అంత తేలిగ్గా విరగదు, విరిగిందంటే దెబ్బ బలం చాలా ఎక్కువన్నమాట. అందుకే తల, పొట్ట, మూత్రనాళం చూశారా అని ముందు అడగండి, ఇలాంటి పిల్లల ప్రాణం మీదికి ఎక్కువగా వచ్చేది తల దెబ్బతోనే.

ఫిజియో: సరే, ఒప్పుకుంటాను. కానీ స్క్రూలు వేస్తే ఎదుగుదల చెడదా?

ఆర్థో వార్డు అక్క: ఆ భయం న్యాయమైనదే. తొడ ఎముక తల కూర్చునే తుంటి గిన్నెలో మూడు ఎముకలు కలిసేచోట మూడు కొమ్మల మృదులాస్థి ఉంటుంది, గిన్నె ఎదిగేది దానితోనే, అది దాదాపు 12 నుంచి 16 ఏళ్ల మధ్య మూసుకుంటుంది. దెబ్బకే అది నలిగితే ముందే మూసుకుపోయి గిన్నె లోతు తగ్గొచ్చు, తర్వాత తుంటి జారొచ్చు. స్క్రూ దాని జోలికి పోకుండా వేయగల చెయ్యి కావాలి, పిల్లల ఎముకల సర్జన్ అయితే మేలు. ఆపరేషన్ చేసినా చేయకపోయినా ఎదుగుదల ఆగేదాకా ఎక్స్‌రేలు తీయిస్తూనే ఉండాలి. నడుస్తున్నాడు కదా అని మానేయడమే ఎక్కువమంది చేసే తప్పు.

బాబాయి: తలకి స్కాన్ తీశారు, బాగానే ఉందన్నారు. ఇప్పుడు ఇద్దరు డాక్టర్లనీ ఏమని అడగాలి?

ఆర్థో వార్డు అక్క: సీటీ ఫిల్మ్ ముందు పెట్టి రెండు పక్కలకీ తేడా ఎన్ని సెంటీమీటర్లో కొలిచి చెప్పమనండి. 1 సెంటీమీటరు దాటితే సరిచేయాలన్నది చాలామంది సర్జన్లు పెట్టుకునే గీత. దాటినా వద్దంటే, ఎందుకు వద్దో అడగండి. మొహమాటపడకండి.

బాబాయి: కాగితం మీద రాసుకున్నాను అక్కా. సాయంత్రం ఇద్దరినీ ఇదే అడుగుతాను.