పోకెమాన్ ఓయూ టీమ్ చూసి చెప్పండి: గ్రేట్ టస్క్ దిగితే చాలు, వరసగా పడిపోతున్నాయి

పెన్నాపల్ట్:

పోకెమాన్ షోడౌన్‌లో 9వ తరం ఓయూ (ఓవర్‌యూజ్డ్ అనే విభాగం) సింగిల్స్ కోసం కట్టిన టీమ్ ఇది. రేటింగ్ 1300 దగ్గర ఆగిపోయింది. పేరు పక్కన పట్టుకునే ఐటమ్, నేచర్ (ఒక స్టాట్ పెంచి ఒకటి తగ్గించే స్వభావం), ఈవీలు (స్టాట్‌లకు పంచే పాయింట్లు; హెచ్‌పీ అంటే ప్రాణం), మూవ్‌లు రాశాను.

గోల్డెంగో: చాయిస్ స్కార్ఫ్, మోడెస్ట్, 252 స్పెషల్ అటాక్, 252 స్పీడ్
కింగాంబిట్: లెఫ్టోవర్స్, అడమెంట్, స్వోర్డ్స్ డాన్స్
ఐరన్ వేలియంట్: బూస్టర్ ఎనర్జీ
డ్రాగనైట్: లెఫ్టోవర్స్, అడమెంట్, డ్రాగన్ డాన్స్, ఎర్త్‌క్వేక్, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్, రూస్ట్
హీట్రాన్: లెఫ్టోవర్స్, స్టెల్త్ రాక్
గాలార్ స్లోకింగ్: అసాల్ట్ వెస్ట్, 252 హెచ్‌పీ, 252 స్పెషల్ అటాక్

విడివిడిగా చూస్తే ఆరూ గట్టివే. కానీ ఎదుటివాళ్ల గ్రేట్ టస్క్ (గ్రౌండ్, ఫైటింగ్ టైప్ పోకెమాన్) వస్తే దేన్ని దింపాలో తోచదు. ఆట సగానికి వచ్చేసరికి డ్రాగనైట్ సగం హెచ్‌పీతో మిగులుతుంది. ఏది తీసి ఏది పెట్టాలి? ఈవీలు మారిస్తే సరిపోతుందా?

చిల్లీరిసెప్షన్:

ముందు ఆరు పేర్లూ ఒక కాగితం మీద రాసి, పక్కన గ్రౌండ్ టైప్ దెబ్బ ఎవరికి ఎన్ని రెట్లో వేసుకోండి. గోల్డెంగోకు 2, కింగాంబిట్‌కు 2, స్లోకింగ్‌కు 2, హీట్రాన్‌కు ఏకంగా 4. వేలియంట్‌కు మామూలుగా తగులుతుంది. అసలు తగలనిది డ్రాగనైట్ ఒక్కదానికే. అంటే టస్క్ గ్రౌండ్ మూవ్ అయిన ఎర్త్‌క్వేక్ నొక్కుతుందనుకున్న ప్రతిసారీ మీరు డ్రాగనైట్‌నే దింపాలి. టీమ్ ప్రివ్యూలో మీ ఆరింటినీ చూసిన ఎదుటివాడికి ఆ సంగతి మొదటి టర్న్‌కు ముందే తెలిసిపోతుంది. ఇక వాడు ఎర్త్‌క్వేక్ ఎందుకు నొక్కుతాడు? ఐస్ టైప్ మూవ్ ఐస్ స్పిన్నర్ నొక్కుతాడు, డ్రాగనైట్‌కు అది 4 రెట్లు.

లెక్క చూడండి. పూర్తి అటాక్ ఉన్న జాలీ (స్పీడ్ పెంచే నేచర్) టస్క్ ఐస్ స్పిన్నర్ మీ డ్రాగనైట్‌కు 368 నుంచి 436 దాకా కొడుతుంది. డ్రాగనైట్ హెచ్‌పీ 323. హెచ్‌పీ నిండుగా ఉంటే దాని ఎబిలిటీ మల్టీస్కేల్ ఆ దెబ్బను సగం చేస్తుంది, 184 నుంచి 218 పోతుంది, బతుకుతుంది. కానీ నేల మీద స్టెల్త్ రాక్ (దిగిన పోకెమాన్‌కు గుచ్చుకునే రాళ్లు) ఉంటే దిగగానే నాలుగో వంతు, అంటే 80 పోయి మల్టీస్కేల్ అక్కడికక్కడే పనికిరాకుండా పోతుంది. తర్వాత ఆ ఐస్ స్పిన్నర్‌కు చావు ఖాయం. రాక్స్ తీసే మూవ్ మీ టీమ్‌లో ఒక్కటి కూడా లేదు. ఆ రాళ్ల దెబ్బ తగలనివ్వని హెవీ డ్యూటీ బూట్స్ డ్రాగనైట్‌కు లేవు. మీరు టస్క్‌కు ఓడిపోతున్నామనుకుంటున్నారు. నిజానికి రెండో టర్న్‌లో పడిన రాక్స్‌కే ఓడిపోతున్నారు.

మార్పులు:

హీట్రాన్ తీసేసి గ్రేట్ టస్క్‌ను మీరే పెట్టుకోండి. జాలీ, 252 అటాక్, 252 స్పీడ్. మూవ్‌లు స్టెల్త్ రాక్, రాపిడ్ స్పిన్, హెడ్‌లాంగ్ రష్, క్లోజ్ కంబాట్. రాక్స్ వేయడం, తీయడం రెండూ దీని మీదే పడతాయి కాబట్టి ఐస్ స్పిన్నర్, నాక్ ఆఫ్‌లకు చోటుండదు. క్లోజ్ కంబాట్ మాత్రం తీయొద్దు. 252 హెచ్‌పీ ఉన్న కింగాంబిట్‌కు హెడ్‌లాంగ్ రష్ 338 నుంచి 398 కొడుతుంది, దాని హెచ్‌పీ 404. ఆ మిగిలిన ఆరు పాయింట్లతోనే అది మీ టీమ్ మొత్తాన్నీ ఊడ్చేస్తుంది. క్లోజ్ కంబాట్ అయితే 4 రెట్లు, ఒక్క దెబ్బతో అయిపోతుంది.

వేలియంట్ తీసి వెల్‌స్ప్రింగ్ ఓగర్‌పాన్ పెట్టండి. గ్రౌండ్ దెబ్బ దీనికి సగమే. దాని మూవ్ ఐవీ కడ్జల్ వాటర్ టైప్, 100 పవర్, టస్క్ మీద రెండింతలు. దాని ఐటమ్ అయిన ముసుగును నాక్ ఆఫ్ (ఐటమ్ ఊడగొట్టే మూవ్) ఊడగొట్టలేదు. దీని లోటు కూడా ఆ ముసుగే. బూట్స్ తొడగలేం కాబట్టి రాక్స్ మీద దిగిన ప్రతిసారీ ఎనిమిదో వంతు పోతుంది. అందుకే స్పిన్ కావాలి.

డ్రాగనైట్‌కు, స్లోకింగ్‌కు హెవీ డ్యూటీ బూట్స్. ఇందులో బేరం లేదు.

ఎయిర్‌బెలూన్99:

రెండు పోకెమాన్ మార్చే బదులు ఎయిర్ బెలూన్ (పగిలే దాకా గ్రౌండ్ దెబ్బ తగలనివ్వని ఐటమ్) సరిపోదా బ్రో? గోల్డెంగోకు ఒకటి, హీట్రాన్‌కు ఒకటి. ఓయూలో ఒకే ఐటమ్ ఇద్దరికి ఇవ్వడానికి అడ్డు లేదు. గ్రౌండ్ సమస్య తీరినట్టే కదా.

చిల్లీరిసెప్షన్:

గోల్డెంగోకు బెలూన్ మంచి ఐటమే, కాదనను. కానీ ఆయన దాన్ని స్కార్ఫ్‌తో ఆడుతున్నారు, ఐటమ్ ఒక్కటే పట్టుకోగలదు. ఇక హీట్రాన్ బెలూన్‌ను పగలగొట్టడానికి టస్క్‌కు వేరే మూవ్ అక్కర్లేదు, రాపిడ్ స్పిన్ చాలు. ఆ ఒక్క నొక్కుడుకే మీ రాక్స్ పోతాయి, బెలూన్ పోతుంది, పైగా దాని స్పీడ్ ఒక మెట్టు పెరుగుతుంది. ఆ పక్క టర్న్‌లో 4 రెట్ల ఎర్త్‌క్వేక్. గోల్డెంగో మీద ఇది జరగదు, ఘోస్ట్ కాబట్టి స్పిన్ తగలనే తగలదు.

ఆ మాటకొస్తే మీ రాక్స్‌కు కాపలా కూడా గోల్డెంగోనే. గుడ్ యాజ్ గోల్డ్ ఎబిలిటీ వల్ల దాని మీద డిఫాగ్ (రాక్స్ తుడిచేసే మూవ్) చెల్లదు. స్పిన్ కూడా పారదు. ఐతే రెంటికీ అది ఆ టర్న్‌లో ఫీల్డ్ మీద ఉండాలి, బెంచ్ మీద కూర్చుంటే లాభం లేదు. రాక్స్‌ను ఇటువి అటు మార్చేసే సిండరేస్ కోర్ట్ చేంజ్‌ను మాత్రం ఆపలేదు.

పెన్నాపల్ట్:

అర్థమైంది. ఇంకో రెండు డౌట్లు. స్లోకింగ్‌కు డిఫెన్స్ ఈవీలు పెడితే టస్క్‌ను అదే తట్టుకోదా? గోల్డెంగోకు మోడెస్టే ఉంచాలా?

స్పీడ్‌టైర్ సూరి:

రెండో డౌట్‌కు ముందు జవాబు, లెక్క చిన్నది. 100వ లెవెల్‌లో 31 ఐవీ (పుట్టుకతో వచ్చే స్టాట్ పాయింట్లు), 252 ఈవీతో స్పీడ్‌లు ఇవి:

గోల్డెంగో మోడెస్ట్ (స్పెషల్ అటాక్ పెంచే నేచర్) 267, స్కార్ఫ్‌తో 400
గోల్డెంగో టిమిడ్ (స్పీడ్ పెంచే నేచర్) 293, స్కార్ఫ్‌తో 439
జమజెంటా జాలీ 412
డ్రాగపల్ట్ టిమిడ్ 421
జాలీ డ్రాగనైట్, ఒక డ్రాగన్ డాన్స్ తర్వాత 426

మోడెస్ట్‌తో ఈ చివరి మూడింటిలో దేన్నీ దాటలేరు. టిమిడ్‌తో మూడింటినీ దాటుతారు. స్పెషల్ అటాక్ 401 నుంచి 365కు తగ్గుతుంది, తగ్గనివ్వండి. స్కార్ఫ్ పెట్టుకున్నదే డ్రాగపల్ట్‌ను దాటడానికి. స్పీడ్ బూస్టర్ ఎనర్జీ తిన్న జాలీ టస్క్ 450కి, వేలియంట్ ఇంకా పైకి వెళ్తాయి, వాటిని ఎలాగూ అందుకోలేరు.

మీ టస్క్ కూడా ఇంతే. జాలీ 300, ఒక స్పిన్ తర్వాత 450, డ్రాగపల్ట్ వెనక పడుతుంది. అడమెంట్ (అటాక్ పెంచే నేచర్) పెడితే స్పిన్ తర్వాత 409. జమజెంటాకు మూడు పాయింట్లు తక్కువ! ఆ మూడు పాయింట్ల కోసమైనా జాలీనే పెట్టండి. డ్రాగనైట్ మాత్రం అడమెంట్‌లోనే ఉండొచ్చు, దాని ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ప్రయారిటీ మూవ్ కాబట్టి మామూలు మూవ్‌ల ముందు స్పీడ్ లెక్కలోకి రాదు.

ఇక స్లోకింగ్. 252 హెచ్‌పీతో 394 వస్తుంది. డిఫెన్స్ ఈవీ సున్నా అయితే టస్క్ ఎర్త్‌క్వేక్ కనీసం 396, ఖచ్చితంగా చావు. రిలాక్స్డ్ నేచర్, 252 డిఫెన్స్ పెడితే 272 నుంచి 324. బతుకుతుంది, నిజమే. బతికి ఏం చేస్తుంది? స్లాక్ ఆఫ్ 197 తెస్తుంది, పక్క టర్న్‌లో మళ్లీ 272 పోతుంది. వాల్ అనే మాటకు అర్థం ఒక దెబ్బ తట్టుకోవడం కాదు, పోయినదానికంటే తెచ్చుకునేది ఎక్కువ ఉండాలి. పైగా ఈ తరంలో స్లాక్ ఆఫ్, రికవర్, రూస్ట్ లాంటి వాటి పీపీ బాగా కోసేశారు, పూర్తిగా పెంచినా 8 సార్లే.

కాబట్టి సాసీ (స్పెషల్ డిఫెన్స్ పెంచి స్పీడ్ తగ్గించే నేచర్), 252 హెచ్‌పీ, 252 స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ ఐవీ 0. హీట్రాన్ పోయాక ఫైర్ దెబ్బకు సరిగ్గా దిగేది డ్రాగనైట్ ఒక్కటే మిగిలింది. ఐరన్ మోత్ లాంటిది వస్తే ఫైర్‌ను మామూలుగా, పాయిజన్‌ను సగంగా తీసుకునే స్లోకింగ్ కావాలి. వేలియంట్ ఫైటింగ్ మూవ్‌లు దీనికి పావు వంతే తగులుతాయి.

అలాగని డ్రాగపల్ట్ ముందు దీన్ని పెట్టొద్దు. స్పెక్స్ (స్పెషల్ అటాక్ పెంచే ఐటమ్) పెట్టుకున్న దాని షాడో బాల్ ఆ ఈవీలతో కూడా 222 నుంచి 264 కొడుతుంది, రెండు దెబ్బలకు అయిపోతుంది. దానికి దిగాల్సింది కింగాంబిట్. ఘోస్ట్ సగం, డ్రాగన్ సగం. ఫ్లేమ్‌త్రోయర్, విల్-ఓ-విస్ప్ ఉన్నాయేమో చూసుకుని దింపండి.

చిల్లీరిసెప్షన్:

సూరి లెక్కలకు ఒక్క మాట కలుపుతాను, స్పీడ్ ఐవీ 0 ఎందుకో. అసాల్ట్ వెస్ట్ తీయమన్నదీ ఇందుకే. వెస్ట్ వేసుకుంటే స్టేటస్ మూవ్‌లు నొక్కలేరు, చిల్లీ రిసెప్షన్ (మంచు తెచ్చి, తను బయటికి పోయి ఇంకోదాన్ని దింపే మూవ్) పోతుంది. ఈ టీమ్‌లో స్లోకింగ్ అసలు పని ఆ మూవే. సెట్: ఫ్యూచర్ సైట్ (రెండు టర్న్‌ల తర్వాత పడే సైకిక్ దెబ్బ), చిల్లీ రిసెప్షన్, స్లడ్జ్ బాంబ్, స్లాక్ ఆఫ్.

1వ టర్న్: ఫ్యూచర్ సైట్.
2వ టర్న్: చిల్లీ రిసెప్షన్. స్పీడ్ 58 కాబట్టి దాదాపు ఎప్పుడూ ఎదుటివాడే ముందు కొడతాడు. ఆ దెబ్బ స్లోకింగ్ తిని, రీజెనరేటర్‌తో మూడో వంతు హెచ్‌పీ తెచ్చుకుంటూ బయటికి పోతుంది. టస్క్ దెబ్బ తగలకుండా దిగుతుంది.
3వ టర్న్: టస్క్ క్లోజ్ కంబాట్. ఆ టర్న్ చివర ఫ్యూచర్ సైట్ పడుతుంది.

ఫ్యూచర్ సైట్ తగలనిది డార్క్ టైప్‌కే. దాన్ని మింగడానికి కింగాంబిట్‌నో టింగ్-లునో దింపితే క్లోజ్ కంబాట్ ఎదురుగా ఉంటుంది. క్లోజ్ కంబాట్‌ను తట్టుకుందామని గాలార్ స్లోకింగ్ లాంటి పాయిజన్ టైప్‌ను దింపితే హెడ్‌లాంగ్ రష్. స్పీడ్ ఐవీని 31లోనే వదిలేసి నేచర్ కూడా మామూలుగా ఉంచితే, స్లోకింగ్‌ల మధ్య పోటీలో మీరే ముందు కదులుతారు, దిగిన టస్క్ దెబ్బ తింటుంది. వాన, ఎండ టీమ్‌ల మీద ఇంకో లాభం, చిల్లీ రిసెప్షన్ మంచు తెచ్చి వాటి వాతావరణాన్ని చెరిపేస్తుంది.

సాధారణంగా జరిగే తప్పు ఏంటంటే ఫ్యూచర్ సైట్ వేశాక మూడో టర్న్‌లో రాక్స్ వేయడం. రాక్స్ ముందే వేసి ఉండాలి. ఆ టర్న్‌ను వృథా చేస్తే ఫ్యూచర్ సైట్ కూడా వృథానే.

ఎయిర్‌బెలూన్99:

సరే, బెలూన్ వెనక్కి తీసుకుంటున్నా. కింగాంబిట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. దాని ఎబిలిటీ సుప్రీమ్ ఓవర్‌లార్డ్ పడిపోయిన మనవాళ్లు ఒక్కొక్కరికి 10 శాతం చొప్పున 50 దాకా బలం ఇస్తుంది, కానీ అది లెక్కేసుకునేది దిగిన క్షణంలోనే. రెండో టర్న్‌లో దింపి స్వోర్డ్స్ డాన్స్ వేస్తే ఆ బలం సున్నా. డ్రాగపల్ట్ దెబ్బలు తినడానికి అప్పుడప్పుడు దింపు, చంపుకోకు. టెరా (ఆటలో టైప్ మార్చుకోవడం) ఫ్లయింగ్ పెట్టు, 4 రెట్ల ఫైటింగ్ సగమవుతుంది, గ్రౌండ్ తగలదు. సక్కర్ పంచ్ పీపీ కూడా 8 మాత్రమే, ఎదుటివాడు కొట్టే మూవ్ నొక్కకపోతే ఫెయిల్. సబ్‌స్టిట్యూట్, విల్-ఓ-విస్ప్ నొక్కే వాళ్ల మీద అదే పనిగా సక్కర్ కొట్టి 8 అయిపోగొట్టుకుని, చివర్లో ఉట్టి చేతులతో నిలబడే వాళ్లే ఎక్కువ. దాని ఇంకో మూవ్ కౌటౌ క్లీవ్ ఉన్నది అందుకే బ్రో.

పెన్నాపల్ట్:

అన్నీ మార్చేశాను. డ్రాగనైట్‌కు టెరా నార్మల్ ఉంది, తీయాలా? మొదట దేన్ని దింపడం మంచిది?

స్పీడ్‌టైర్ సూరి:

ఉంచండి, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్‌కు ఒకటిన్నర రెట్లు వస్తుంది. ఆటకు టెరా ఒక్కసారే కాబట్టి ఆ రోజు ఎదుటి టీమ్‌ను కూల్చేది డ్రాగనైటా, కింగాంబిటా అన్నది ప్రివ్యూలోనే తేల్చుకుని దానికే దాచండి. ఎదుటివాడి గోల్డెంగో బతికుండగా నార్మల్ టెరా వాడితే, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ నొక్కిన టర్న్‌లో వాడు దాన్ని దింపి నవ్వుకుంటాడు. ఘోస్ట్‌లు పోయాక వాడండి.

మొదట ఓగర్‌పాన్. టింగ్-లు, టస్క్, గ్లిమోరా, లాండొరస్ థీరియన్: హజార్డ్స్ (స్టెల్త్ రాక్ లాంటివి) వేయడానికి ముందు దిగేవాటిలో ఈ నాలుగింటికీ ఐవీ కడ్జల్ రెండింతలు. హిసూయి సామురాట్ అయితే గ్రాస్ మూవ్ కొట్టండి. లాండొరస్ యూ-టర్న్ మాత్రం ఓగర్‌పాన్‌కు రెండింతలు తగులుతుంది, గుర్తుంచుకోండి. ఎదుటి ప్రివ్యూలో డ్రాగపల్ట్, రేజింగ్ బోల్ట్ రెండూ కనిపిస్తే ఓగర్‌పాన్‌ను వెనక ఉంచి స్లోకింగ్‌తో మొదలుపెట్టి, డ్రాగపల్ట్ ఎదురుపడితే ఆలోచించకుండా కింగాంబిట్‌కు మారిపోండి.